హార్డ్ డిస్క్ మన దగ్గరుంటే సినిమా మనదైపోదు: ఇండీ సినిమా అపోహలు, వాస్తవాలు

"సినిమా తీసి పెట్టుకుంటే చాలు, ఓటీటీ వాళ్లే కొంటారు." పెద్ద సంస్థ అండ లేకుండా ఇండీ సినిమా తీయాలని ఇల్లు తాకట్టు పెట్టి, స్నేహితుల దగ్గర తలా లక్ష తెచ్చి ఫస్ట్ కాపీ (పూర్తయిన సినిమా) సిద్ధం చేసుకున్న కుర్రాళ్లు ఈ మాట నమ్ముకునే వస్తారు. వాళ్లను అన్నిటికంటే ఎక్కువగా ముంచుతున్నది ఇదే. అందుకే ముందు దీని సంగతి.

ఓటీటీ డబ్బిచ్చేది హక్కులకు. ఆ హక్కులు మీకు ఎవరి నుంచి ఎలా వచ్చాయో కాగితాల మీద వరసగా చూపించమంటుంది. చైన్ ఆఫ్ టైటిల్ అనేది అదే. కథ నచ్చి, బేరం కుదిరాక కూడా సినిమాలు ఆగిపోయేది ఇక్కడే.

1957 కాపీరైట్ చట్టం దృష్టిలో సినిమాకు కర్త నిర్మాత. దర్శకుడు కాడు. రెండూ మీరే అయితే సగం గొడవ తప్పినట్టే. డబ్బు మిత్రుడిదై, సెన్సార్ సర్టిఫికెట్‌లో నిర్మాతగా అతని పేరే ఉంటే మాత్రం కొనేవాళ్లు అతని సంతకమే అడుగుతారు. హార్డ్ డిస్క్ మీ బీరువాలో ఉన్నా లాభం లేదు.

కథ, పాటలు, సంగీతం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లే చెల్లుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అంటే అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు చూపించే హక్కు మీ చేతిలో లేనట్టే. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకుని ఉంటే తప్ప, అది కూడా పోతుంది. కథ కొన్న నాలుగేళ్లకు షూటింగ్ మొదలుపెట్టేవాళ్లు ఈ ఒక్క నిబంధన దగ్గరే దెబ్బతింటారు. ఇక డబ్బు తీసుకోకుండా స్నేహం కొద్దీ బాణీ కట్టిన మిత్రుడు ఏమీ రాసివ్వకపోతే, ఆ బాణీ అతనిదే.

అందుకే క్లాప్ కొట్టక ముందే రచయిత, సంగీత దర్శకుడు, పాటల రచయిత, గాయకులు, నటీనటులు, కెమెరామన్, ఎడిటర్ అందరితోనూ ఒప్పందాలు రాసుకోండి. రెండు పేజీలు చాలు. థియేటర్, శాటిలైట్ (టీవీ), డిజిటల్ (ఓటీటీ), డబ్బింగ్, రీమేక్ అని హక్కులు పేరుపేరునా ఉండాలి. ప్రపంచమంతటా అని, కాపీరైట్ ఉన్నంతకాలం అని, ఏడాది నిబంధన వర్తించదని, పారితోషికం ఇంత అని స్పష్టంగా రాయాలి. రచయితకూ సంగీత దర్శకుడికీ థియేటర్ బయటి వాడకం మీద వచ్చే రాయల్టీని మాత్రం 2012 సవరణ తర్వాత ఎవరూ రాయించుకోలేరు. అలా రాయించినా చెల్లదు. పెట్టుబడి పెట్టిన మిత్రులకు ఇచ్చేది అప్పు తీర్చడమా, లాభంలో వాటానా, ముందు ఎవరికి తిరిగివ్వాలి అన్నది కూడా ఆ రోజే రాసేయండి. స్నేహాలు నిలబడతాయి.

కాగితాలన్నీ ఉన్నా, పేరున్న నటులు లేని సినిమాకు ఒకేసారి పెద్ద మొత్తం రావడం అరుదు. ఎన్ని నిమిషాలు చూశారన్న లెక్కన వాటా ఇస్తామనే బేరమే చాలాసార్లు వస్తుంది. ఆ డబ్బు నెమ్మదిగా వస్తుంది. వడ్డీ మాత్రం ఆగదు.

"అయితే థియేటర్లో వేసేస్తాం" అంటారు. వెంటనే 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెం పేరు చెబుతారు. కొత్త నటులతోనే ఆడిన మాట నిజమే. కానీ దాన్ని సమర్పించి విడుదల చేసింది సురేష్ ప్రొడక్షన్స్. ఆ అండ లేకపోతే లెక్క వేరు. 150 రూపాయల టికెట్‌లో 18 శాతం జీఎస్టీ పోతే నెట్ సుమారు 127. థియేటర్ సగం తీసుకుంటే 63. డిస్ట్రిబ్యూటర్ కమీషన్ 20 శాతం అనుకుంటే చేతికి 50 రూపాయలు. పోస్టర్లు, ప్రకటనలు, థియేటర్లకు సినిమాను డిజిటల్‌గా పంపే క్యూబ్, యూఎఫ్ఓ సంస్థల చార్జీలు అందులోంచే కట్టాలి. వాటాకు బదులు రెంట్ పద్ధతిలో ఆడించే థియేటర్లో కలెక్షన్ అద్దెకు సరిపోకపోతే ఆ డెఫిసిట్ మీరే జేబులోంచి ఇవ్వాలి. వారం ఆడి ఎదురు డబ్బు కట్టిన సినిమాలున్నాయి. బడ్జెట్ వేసేటప్పుడే విడుదల ఖర్చు వేరే ఖాతాలో పెట్టి, షూటింగ్ ఎంత పెరిగినా దాన్ని ముట్టుకోకండి.

"ఖరీదైన కెమెరా లేకపోతే కొనరు." ఇది వట్టి పుకారు. నెట్‌ఫ్లిక్స్ ఆమోదించిన కెమెరాల జాబితా వాళ్ల సొంత నిర్మాణాల కోసం, కొనే సినిమాలకు కాదు. క్యూసీలో (కొనే ముందు చేసే నాణ్యత పరీక్షలో) ఎక్కువగా తిరిగొచ్చేది సౌండ్. నెట్‌ఫ్లిక్స్ సౌండ్ ప్రమాణంలో డైలాగ్ లౌడ్‌నెస్ (మాటల సగటు గట్టిదనం) మైనస్ 27 ఎల్‌కేఎఫ్ఎస్ (శబ్దం గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం), అటూ ఇటూ 2. మామూలు మిక్స్ అంతకంటే గట్టిగా ఉంటుంది, మళ్లీ చేయాల్సివస్తుంది. సింక్ సౌండ్‌లో (మాటలను షూటింగ్‌లోనే రికార్డు చేసే పద్ధతిలో) తీస్తే ప్రతి లొకేషన్లో అందర్నీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట వినిపించే శబ్దం) రికార్డు చేయండి. డబ్బింగ్ హక్కులు అమ్మాలంటే ఎం అండ్ ఈ ట్రాక్ (మాటలు లేకుండా సంగీతం, చప్పుళ్లు మాత్రమే ఉన్నది) ఉండాలి. డైలాగ్ తీసేస్తే దానితోపాటు అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు కూడా పోతాయి. ఫోలీకి (ఆ చప్పుళ్లను స్టూడియోలో మళ్లీ సృష్టించడానికి) డబ్బు మిగిల్చుకోకపోతే ఆ ట్రాక్ తయారవదు.

"కథ రిజిస్టర్ చేశాను, ఐడియా ఇంకెవరూ వాడకూడదు." ఐడియాకు కాపీరైట్ లేదు. రచయితల సంఘంలో రిజిస్ట్రేషన్ మీ స్క్రిప్టు ఆ తేదీకి ఉందనడానికి సాక్ష్యం, అంతవరకే.

"పదేళ్లకోసారి మళ్లీ సెన్సార్ చేయించాలి." సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణతో సర్టిఫికెట్ శాశ్వతమైంది. యూఏ (పిల్లలు పెద్దల మార్గదర్శనంతో చూడదగ్గది) ఇప్పుడు 7, 13, 16 ఏళ్ల వర్గాలుగా ఉంది. 'ఏ' (పెద్దలకు మాత్రమే) సర్టిఫికెట్ వచ్చిన సినిమాను టీవీలో వేయాలంటే కత్తిరింపులతో వేరే సర్టిఫికెట్ తీసుకోవాలి, శాటిలైట్ ఒప్పందానికి ముందే ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి.

"జంతువుల కాగితం సెన్సార్ అప్పుడు చూసుకోవచ్చు." కుదరదు. జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కు ముందు తీసుకోవాలి, తీశాక ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) మళ్లీ వేరే. కథలో ఎద్దుల బండి ఉంటే ఆ దరఖాస్తు కాల్షీట్లకంటే ముందే వెళ్లాలి.