ష్రూస్‌బరీ చౌక్‌లో క్లైవ్: విగ్రహం ఎప్పుడు లేచిందన్నదే అసలు కథ

పుణె వెళ్లొచ్చినవాళ్లు కయానీ బేకరీ నుంచి ష్రూస్‌బరీ బిస్కెట్లు తెస్తుంటారు. ఆ పేరు ఇంగ్లండులోని ఒక సంత ఊరిది. సెవర్న్ నది ఆ ఊరిని దాదాపు చుట్టూ తిరిగి, ఒక్క పక్క మాత్రమే సన్నటి నేలదారి వదిలింది. నదికి అటొక వంతెన ఇంగ్లిష్ బ్రిడ్జి, ఇటొకటి వెల్ష్ బ్రిడ్జి. ఊరి పేరును 'ష్రోజ్‌బరీ' అనాలా, 'ష్రూజ్‌బరీ' అనాలా అన్నది అక్కడివాళ్లకు ఎప్పటికీ తేలని సరదా పంచాయితీ. సరదా కాని పంచాయితీ ఇంకొకటి ఊరి నడిబొడ్డున ఉంది. అందులో మన జిల్లాలకూ వాటా ఉంది.

2025 ఆగస్టులో ఎడిన్‌బరో పుస్తకోత్సవంలో లేబర్ పార్టీకి చెందిన ప్రభువుల సభ సభ్యురాలు తంగం డెబ్బొనైర్, ఈస్టిండియా కంపెనీకి బెంగాల్‌ను గెలిచిపెట్టిన రాబర్ట్ క్లైవ్‌కు లండన్‌లో విదేశాంగ శాఖ పక్కనున్న విగ్రహాన్ని అక్కడి నుంచి తీసేయాలన్నారు. లండన్ విగ్రహం మీద మాట లేచిన ప్రతిసారీ ష్రూస్‌బరీ చౌక్‌లోని క్లైవ్ విగ్రహం కూడా చర్చలోకి వస్తుంది. ప్లాసీ, మీర్ జాఫర్, దివానీ (పన్ను వసూలు హక్కు) గురించి స్కూల్లో చదువుకున్నాం. మళ్లీ చెప్పనక్కర్లేదు. చూడాల్సింది ఈ కంచు మనిషి చౌక్‌లోకి ఎప్పుడొచ్చాడన్నది.

క్లైవ్ 1774లో చనిపోయాడు. ఆ ముందు ఏడాదే పార్లమెంటు ఆయన సంపాదన మీద విచారణ ముగించింది. 2,34,000 పౌండ్లు పుచ్చుకున్నాడని తేల్చి, అదే నోటితో దేశానికి గొప్ప సేవ చేశాడనీ తీర్మానించింది. ప్రభుత్వ విచారణలు ఇలా ముగియడం మనకూ కొత్త కాదు. 1761 నుంచి చనిపోయేదాకా ష్రూస్‌బరీ ఎంపీ ఆయనే, 1762లో మేయరూ ఆయనే. అయినా పోయాక ఊరు విగ్రహం పెట్టలేదు. సమాధి కూడా అక్కడ లేదు, సొంతూరి దగ్గర మోర్టన్ సే చర్చిలో ఉంది. దాని మీద గుర్తేమీ పెట్టలేదు. ఎనభై ఏళ్లు దాటేదాకా ఎవరికీ తొందర లేదు.

విగ్రహం 1860లో లేచింది. 1857లో సిపాయిలు తిరగబడ్డారు. 1858లో కంపెనీ పాలన రద్దయి, దేశం నేరుగా రాణి చేతికి వెళ్లింది. ఆ వెంటనే ష్రూస్‌బరీ చౌక్‌లో క్లైవ్ నిలబడ్డాడు. చేసిన శిల్పి కార్లో మరొకెట్టి. 1857లో కాన్పూరు బీబీఘర్‌లో చనిపోయిన ఇంగ్లిష్ ఆడవాళ్లు, పిల్లల స్మారకంగా బావి మీద నిలిపిన దేవదూత బొమ్మ చెక్కిందీ ఆయనే. ఒకే చేయి అక్కడ శోకాన్ని, ఇక్కడ మొదటి విజేతను తయారుచేసింది. ఇది కాకతాళీయం అనేవాళ్లు అనుకోవచ్చు, నాకైతే అలా అనిపించదు.

లండన్ విగ్రహం చరిత్ర కూడా ఇదే దారిలో నడిచింది. మాజీ వైస్రాయ్ కర్జన్ పట్టుపట్టగా 1912లో దాన్ని నిలిపారు. 1905లో బెంగాల్‌ను రెండుగా చీల్చింది ఆయనే. స్వదేశీ ఉద్యమం దెబ్బకు 1911లో ఆ విభజనను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అక్కడ పాలన కుదుపుకు లోనైనప్పుడల్లా ఇక్కడ క్లైవ్‌ను బయటికి తీశారు. అందుకే "ఆయన కాలం వేరు, ఆ కాలపు విలువలు వేరు" అనే వాదన ఈ విగ్రహాలకు పొసగదు. అవి ఆయన కాలానివి కావు.

2020 జూన్‌లో బ్రిస్టల్ జనం బానిసల వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని రేవు నీళ్లలోకి తోశాక, ష్రూస్‌బరీలోనూ క్లైవ్‌ను తీసేయాలని పిటిషన్లు మొదలయ్యాయి. జూలై 16న ష్రాప్‌షైర్ కౌన్సిల్ 28-17 ఓట్లతో ఉంచాలనే నిర్ణయించింది. ఉంచాలనేవాళ్ల వాదన చిన్నది: చరిత్రను చెరపకూడదు, ఆయన మా ఊరి మనిషి, చెడు కూడా కనబడుతూ ఉంటేనే పిల్లలు నేర్చుకుంటారు. మూడో మాటలో బలం ఉంది. అయితే ఊరికే నిలబడ్డ కంచు విగ్రహం దగ్గర పిల్లలు ఏం నేర్చుకుంటారు? 1770 బెంగాల్ కరువు గురించి అది చెప్పదు.

మన సంగతీ చెప్పదు. 1757 బొబ్బిలి యుద్ధంలో గెలిచిన విజయరామరాజును తాండ్ర పాపారాయుడు గుడారంలోనే చంపాడు. తర్వాత వచ్చిన ఆనంద గజపతి రాజుకు ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లిష్‌వాళ్లను రమ్మన్నాడు. మద్రాసు వాళ్లు వెనకాడితే, కలకత్తాలో ఉన్న క్లైవ్ ఒప్పుకుని కల్నల్ ఫోర్డ్‌ను పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చెందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడారు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పోయింది. 1765లో అలహాబాదులో మొగల్ చక్రవర్తి దగ్గర బెంగాల్ దివానీతోపాటు ఉత్తర సర్కారులకూ క్లైవ్ ఫర్మానా రాయించుకున్నాడు. మరుసటి ఏడాది నిజాం కూడా ఒప్పందం మీద సంతకం చేశాడు. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు ఎవరనుకున్నారు? క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్. దత్త మండలాలు 1800లో కంపెనీకి దక్కింది ఆయన హయాంలోనే. తండ్రి పుణ్యాన కోస్తా, కొడుకు హయాంలో సీమ. టిప్పు సుల్తాన్ గుడారం ఇప్పటికీ ఒకప్పుడు ఆ కుటుంబానిదైన పోవిస్ కోటలో ఉంది. ష్రూస్‌బరీ నుంచి సరిహద్దు దాటితే వేల్స్‌లో ఆ కోట వస్తుంది.

ఈ ఊరికి చూపించుకోవడానికి క్లైవ్ ఒక్కడే దిక్కు కాదు. చార్లెస్ డార్విన్ 1809లో పుట్టింది ఇక్కడే. ఇనుప చట్రంతో కట్టిన ప్రపంచపు మొట్టమొదటి భవనం, 1797 నాటి డిదరింగ్టన్ నార మిల్లు, ఇక్కడిదే. నది ఒడ్డున క్వారీ పార్కులో పూల ప్రదర్శన 1875లో మొదలైంది. చౌక్‌లో క్లైవ్ ఒక చివర ఉంటే, రెండో చివర 1596 నాటి పాత మార్కెట్ హాలు ఉంది. వేల్స్ నుంచి వచ్చే ఉన్ని బట్టల బేరం అక్కడే జరిగేది. హాలు రాతిలో వరసగా చిల్లులు కనిపిస్తాయి. సరుకు లెక్క తప్పకుండా వర్తకులు పెట్టుకున్న గుర్తులవి.

2021 నుంచి ఇంగ్లండులో ప్రభుత్వ వైఖరి 'ఉంచి, వివరించు' అన్నది. అంటే విగ్రహం ఉంటుంది, పక్కన నాలుగు మాటలు రాయాలి. ఆ నాలుగు మాటల్లో మొదటి ఏడాది 1757 అవుతుందా, 1860 అవుతుందా అన్న దాని మీదే రేపటి గొడవ.