ఉస్మానియాలో పాటకు అడ్డు చెప్పడం కొత్తేం కాదు

ఉస్మానియా క్యాంపస్‌లో 2025లో ఆంక్షల గొడవ మళ్లీ రేగింది. విభాగాల్లో, కాలేజీల్లో, పరిపాలనా భవనంలో ధర్నాలు చేయొద్దు, నినాదాలు ఇవ్వొద్దు అంటూ ఆ ఏడాది మార్చిలో వచ్చిన సర్క్యులరే దీనికి మూలం. పనికి అడ్డం పడుతున్నారన్నది అధికారుల వాదన. క్యాంపస్ మొత్తానికీ నిషేధం కాదని తర్వాత సర్దిచెప్పారు.

1969, 2009 తెలంగాణ ఉద్యమాల సంగతులు అందరికీ తెలిసినవే. ఈ గొడవకు అసలు ముడి 1938లో ఉంది.

ఆ ఏడాది చివర్లో హాస్టళ్లలోని హిందూ విద్యార్థులు ప్రార్థన గదిలో వందేమాతరం పాడుకునేవాళ్లు. అదేమీ సభ కాదు, ఊరేగింపూ కాదు. అయినా అధికారులు వద్దన్నారు, తోటి విద్యార్థులకు ఇబ్బందిగా ఉందన్నారు. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. అంతకుముందు ఏడాదే కాంగ్రెస్ కూడా మొదటి రెండు చరణాలే పాడాలని నిర్ణయించింది. కానీ వర్సిటీ పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడలేదు. వాళ్లు సమ్మెకు దిగితే వందల మంది పేర్లు కొట్టేసింది. సమ్మె వరంగల్, గుల్బర్గా, ఔరంగాబాద్ దాకా పాకింది.

నిజాం సంస్థానంలో వాళ్లకు చదువు దారి మూసుకుపోయింది. అప్పటిదాకా ఉర్దూ మాధ్యమంలో చదివినవాళ్లు పెట్టెలు సర్దుకుని నాగపూర్ రైలెక్కారు. అక్కడి విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. హనుమకొండలో చదువుతున్న పి.వి. నరసింహారావూ అలా వెళ్లినవారే. నిజాం జైల్లో ఆర్య సమాజ కార్యకర్త రామచంద్రరావును కొడుతుంటే దెబ్బదెబ్బకూ వందేమాతరం అన్నారు. చివరికి అదే ఆయన ఇంటిపేరైంది. ప్రార్థన గదిలోని పాటను రాజకీయం చేసింది పిల్లలు కాదు, ఆ బహిష్కరణలే. డిగ్రీ పట్టా పుచ్చుకుని కొలువులో చేరాల్సిన కుర్రాళ్లు నిజాం వ్యతిరేక పోరాటంలోకి వచ్చిపడ్డారు.

తెలంగాణ కోసం 2010 జనవరి 3న క్యాంపస్‌లో జరిగిన విద్యార్థి గర్జన సభకూ హైకోర్టు దాకా వెళ్తేగానీ అనుమతి దొరకలేదు. ఆ రోజుల్లో ఆర్ట్స్ కాలేజీ ముందు ఏ సభ జరిగినా డప్పులే ముందుండేవి. గడ్డి మంట మీద డప్పు కాచి, తోలు బిగిశాక ఒకరు పల్లవి అందుకునేవారు. రెండోసారికి అదే పల్లవి వేల గొంతుల్లో పలికేది. పుస్తకం చూసి నేర్చుకున్న పాటలు కావవి, ఊళ్ల నుంచి వచ్చిన బిడ్డలు వెంట తెచ్చుకున్నవి. ఉపన్యాసానికి కదలని కుర్రాడు కూడా కోరస్‌లో గొంతు కలిపేవాడు.

రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి అనే ప్రభుత్వ సంస్థను పెట్టి సుమారు 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చారు. ఏళ్లకేళ్లు గజ్జె కట్టి ఆడిపాడినవాళ్లకు నెలనెలా జీతం రావడం న్యాయమే. అయితే ప్రభుత్వ పథకాల మీద పాడాల్సినవాళ్లు నోటిఫికేషన్ల కోసం రోడ్డెక్కిన నిరుద్యోగుల పక్కన నిలబడి పాడలేరు. క్యాంపస్‌లో పాట కన్నా నినాదమే ఎక్కువగా వినిపించడానికి అదీ ఒక కారణం. ఆ నినాదానికే సర్క్యులర్ అడ్డు చెప్పింది.

సర్క్యులర్ వెనక్కి తీసుకోవాలని విద్యార్థి సంఘాలు జెండాల తేడా లేకుండా అడిగాయి. ఉద్యమంలో ఊరూరా పాడుకున్న ‘జయ జయహే తెలంగాణ’ను ప్రభుత్వం 2024 జూన్ 2న రాష్ట్ర గీతంగా ఆవిష్కరించింది. అది జరిగిన తొమ్మిది నెలలకు ఈ సర్క్యులర్ వచ్చింది.