ఒకటో తరగతిలో పిల్లలు ఏం నేర్చుకుంటారు? అపోహలు - వాస్తవాలు

"ఈరోజు నోట్‌బుక్‌లో ఏమీ రాయించలేదేంటండీ?"

ఒకటి, రెండు తరగతులకు చెప్పే టీచర్లకు ఈ ప్రశ్న కొత్తకాదు. అడిగేవాళ్లను తప్పుపట్టలేం. బడిలో ఏం జరిగిందో తెలియడానికి ఇంట్లోవాళ్లకు ఉన్న కిటికీ నోట్‌బుక్ ఒక్కటే. కాకపోతే ఈ వయసులో నేర్చుకునే దాంట్లో సగం పైన నోట్‌బుక్‌లోకి ఎక్కదు, ఎక్కిన దాంట్లోనూ ఒప్పులకంటే తప్పులే ఎక్కువ కబుర్లు చెబుతాయి. ఇన్నేళ్లుగా వింటున్న అపోహల్లో కొన్నింటి గురించి రాస్తున్నాను.

అపోహ: వంద దాకా గడగడా చెబుతున్నాడు, లెక్కలు వచ్చేసినట్టే.

అది పాట వచ్చినట్టు. పాట రావడం మంచిదే, కానీ లెక్కపెట్టడం వేరే పని. వంద దాకా ఆగకుండా చెప్పే ఒక బాబు ముందు 14 గుండీలు పోసి లెక్కపెట్టమన్నాను. నోరు ఒక వేగంతో, వేలు ఇంకో వేగంతో నడిచాయి. పదిహేడు దగ్గర ఆగాడు. "అయితే మొత్తం ఎన్ని?" అంటే జవాబు చెప్పకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఒక వస్తువుకు ఒకే అంకె చెప్పాలి, ఏదీ వదలకూడదు, చివర చెప్పిన అంకే మొత్తం అవుతుంది. మనకు ఇవి అసలు విషయాల్లాగే కనిపించవు. ఆ బాబుకు మాత్రం ఒక్కోటీ ఒక్కో మెట్టు.

ఆరు గుండీలు ఒక వరుసలో, ఇంకో ఆరు దాని కింద వరుసలో పెట్టి, కింది వరుసను కాస్త ఎడంగా జరపండి. చాలామంది అయిదేళ్ల పిల్లలు "కింద ఎక్కువున్నాయి" అంటారు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే (1896-1980) ఇలాంటి పరీక్షలతోనే పిల్లల ఆలోచన పెద్దవాళ్ల ఆలోచనకు చిన్న సైజు నకలు కాదని చూపించాడు. "ఎక్కడ ఎక్కువ? సరిగ్గా చూడు!" అని కసిరితే పిల్ల మాట మారుస్తుంది కానీ ఆలోచన మారదు. గుండీలతో నాలుగు రోజులు ఆడుకోనిస్తే మెల్లగా అదే కుదురుకుంటుంది.

ఇంకో తప్పు నాకు చాలా ఇష్టం. "నూట అయిదు" రాయమంటే 1005 రాస్తారు. నూరు విన్నారు, 100 రాశారు. అయిదు విన్నారు, 5 రాశారు. చెవికి వినబడింది వినబడినట్టు పెట్టారు, అంతే. అంకె విలువ అది నిలబడిన చోటును బట్టి ఉంటుందన్న సంగతి ఇంకా అందలేదు. పది పుల్లలు ఒక కట్ట, పది కట్టలు ఒక మోపు అని చేతులతో కట్టిస్తే తప్ప నోటిమాటతో అందదు కూడా. తెలుగు అంకెల పేర్లు కొంత చెయ్యందిస్తాయి: పదమూడు, పదిహేడు అన్నప్పుడు లోపల పది వినబడుతూనే ఉంటుంది. ఇంగ్లీషు ఇలెవెన్, ట్వెల్వ్‌లలో ఆ జాడే తెలియదు. పంతొమ్మిది దగ్గర మాత్రం మన పిల్లలూ కాసేపు తడబడతారు.

రెండో తరగతికి వచ్చాక 8 + 4 = __ + 5 అని ఇచ్చి చూడండి. ఖాళీలో 12 వేసేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల దృష్టిలో సమానం గుర్తు అంటే "ఇక్కడ జవాబు రాయి" అని అర్థం. ఎప్పుడూ లెక్క ఎడమ పక్క, జవాబు కుడి పక్క రాయించింది మనమే మరి. అప్పుడప్పుడూ 12 = 8 + 4 అని కూడా రాయించాలి.

అపోహ: వేళ్లు మడిచి లెక్కపెడితే మొద్దబ్బాయి అవుతాడు.

అవడు. 5 + 3కి మొదట అయిదు వేళ్లు ఒకటి నుంచి లెక్కపెట్టి, తర్వాత మూడు కలుపుతాడు. కొన్నాళ్లకు "అయిదు" అని మనసులో పెట్టుకుని "ఆరు, ఏడు, ఎనిమిది" అంటాడు. ఇంకొన్నాళ్లకు 3 + 9ని కూడా తొమ్మిది నుంచే మొదలుపెడతాడు. ఈ మార్పులు చాలాసార్లు ఎవరూ నేర్పకుండానే వస్తాయి. వేళ్లను బల్ల కింద దాచుకోవాల్సిన పరిస్థితి తెస్తే మాత్రం ఆలోచనకన్నా టెన్షన్ ఎక్కువవుతుంది.

అపోహ: పాఠం తప్పు లేకుండా చదువుతోంది, చదవడం వచ్చేసింది.

మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడగండి. కొందరు మళ్లీ మొదటి వాక్యం నుంచి అందుకుంటారు. పాఠం కంఠస్థం అయిందన్నమాట! ఇదేమీ మోసం కాదు. పుస్తకంలో మాటలుంటాయనీ, అవి ఎన్నిసార్లు తెరిచినా మారవనీ తెలియడం కూడా చదువే. కానీ అక్షరానికీ శబ్దానికీ ముడి పడటం వేరు, పడిందో లేదో పిల్లలు సొంతంగా రాసినప్పుడు బయటపడుతుంది.

"పుస్తకం" అని రాయమన్నాను. ఒకమ్మాయి "పుసతకం" అని రాసింది, ఇంకో అబ్బాయి "పుతకం" అని రాశాడు. మార్కులు వేస్తే ఇద్దరికీ సున్నే. నిజానికి ఆ ఇద్దరూ ఒక చోట లేరు. అమ్మాయి చెవి ప్రతి శబ్దాన్నీ పట్టుకుంది, ఒత్తు అనే ఏర్పాటు ఒక్కటే తెలియాలి. సకారాన్ని పలికిన వెంటనే వచ్చే తకారాన్ని దాని కిందకి దించాలంటే మాటలా! అబ్బాయికి సకారం వినబడనే లేదు. అతనితో పలక పట్టించే ముందు చప్పట్లు కొడుతూ మాటల్ని సాగదీసి పలికించాలి. ఇద్దరి చేతా "పుస్తకం" పదిసార్లు రాయిస్తే ఇద్దరికీ దక్కేది చెయ్యి నొప్పే.

అపోహ: ఆటలు, బొమ్మలు, మట్టితో పని టైంపాస్. సైన్సు పెద్ద క్లాసుల్లో చూసుకోవచ్చు.

పొద్దున బడి ఆవరణలో ఒకమ్మాయిని నిలబెట్టి నీడ చుట్టూ సుద్దముక్కతో గీత గీయించాను. మధ్యాహ్నం మళ్లీ అక్కడే నిలబెట్టాం. "టీచర్, నేను పొట్టిదాన్నయిపోయాను!" అంది. నీడ ఎంత తగ్గిందో కొలవాలన్నారు. ఒకడు జానలతో కొలిస్తే ఎనిమిది వచ్చింది, ఇంకొకరికి తొమ్మిది, నాకు ఆరు. ఎవరి లెక్క కరెక్టని గొడవ. చివరికి ఒక కర్రముక్కతో అందరూ కొలుద్దామని వాళ్లలోనే ఒకరు అన్నారు. స్కేలు ఎందుకు పుట్టిందో ఆ మధ్యాహ్నం వాళ్లకు తెలిసింది. అది లెక్కల పీరియడా, సైన్సా, భాషా అని అడిగితే నేను చెప్పలేను. నోట్‌బుక్‌లో మాత్రం ఆరోజు ఏమీ లేదు.

మేఘం కదులుతుంది కాబట్టి దానికి ప్రాణం ఉంది, చెట్టు కదలదు కాబట్టి లేదు అనే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. నిర్వచనం బట్టీపట్టిస్తే పరీక్షలో సరిగ్గా రాసి, బయటికొచ్చి మళ్లీ అదే అంటారు. ఒక గింజ నాటించి రెండు వారాలు చూడనివ్వడం మేలు.

అపోహ: ఎంత ఎక్కువ రాయిస్తే దస్తూరి అంత బాగుంటుంది.

పుట్టినప్పుడు మణికట్టులో ఉండేది మృదులాస్థి, అంటే ఇంకా ఎముకగా గట్టిపడని మెత్తటి భాగం. అక్కడి చిన్న ఎముకలు గట్టిపడటం బాల్యమంతా సాగుతుంది. వేళ్ల పట్టు కూడా నిదానంగానే వస్తుంది. మట్టి పిసకడం, కత్తెరతో కాగితం కత్తిరించడం, పూసలు గుచ్చడం ఆ పట్టు కోసమే. నాలుగు పేజీలు వరసగా రాయిస్తే మూడో పేజీ నుంచి అక్షరం చెడిపోతుంది, చెడిన అక్షరమే అలవాటవుతుంది. అర పేజీ చాలు.

అపోహ: 3ని, 7ని తిరగేసి రాస్తే డిస్లెక్సియా (చదవడం, రాయడం నేర్చుకోవడం కష్టమయ్యే సమస్య).

ఏడేళ్ల లోపు ఇది చాలా మామూలు. గిన్నెను ఎటు తిప్పినా గిన్నే అని బుర్ర అప్పటిదాకా నేర్చుకుంది. అక్షరాల దగ్గరికొచ్చేసరికి ఆ నియమం పనికిరాదు, అలవాటు మార్చుకోవడానికి టైం పడుతుంది. ఒక్క తిరగేసిన అంకెను చూసి కంగారు పడొద్దు. రెండో తరగతి దాటాక కూడా అలాగే రాస్తూ, దాంతోపాటు మాటల్లో శబ్దాలు విడదీయలేక, తెలిసిన అక్షరాలే రోజూ మరిచిపోతుంటే మాత్రం ఊరుకోకూడదు. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించి, ఆ తర్వాత నేర్చుకోవడంలో ఇబ్బందుల్ని అంచనా వేసే నిపుణులకు చూపించండి. వెళ్లేటప్పుడు నీటుగా ఉన్న నోట్‌బుక్ కాదు, పిల్లలు సొంతంగా రాసిన తప్పుల కాగితాలు తీసుకెళ్లండి.