జబ్లా చేతి అంచు ఎందుకు ముద్దగా ఉంటుంది?

విజయవాడ, వన్ టౌన్

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

వేసవి సెలవులకు వచ్చినప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు నేను అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. పిన్ని కూతురి బారసాలకని అమ్మమ్మ కుట్టిన జబ్లానూ, బీసెంట్ రోడ్డులో కొనుక్కొచ్చిన చిన్న బనీనునూ మీరు మంచం మీద పక్కపక్కన పరిచి, రెండింటి చేతులనూ లోపలివైపుకు తిరగేసి చూశారు. కొన్నదాని అంచు చుట్టూ ఒకేలా సాఫీగా ఉంది. పైన రెండు వరసల కుట్టు, లోపల వలలాంటి దారం కనిపించాయి. అమ్మమ్మ కుట్టినదానికి ఒకటే వరస, పైగా చేతి కింది అతుకు దగ్గర పెసరగింజంత ముద్ద. "నలభై ఏళ్ళు కుట్టిన అమ్మమ్మకు ఇది రాదా తాతయ్యా?" అని అడిగారు. ఆవిడ వంటింట్లోంచి విన్నది కాబట్టి నేను మాట మార్చాను. తప్పు ఆవిడ చేతిది కాదు, మిషను ఒంటిది. అదెలాగో ఈ ఉత్తరంలో వివరంగా రాస్తున్నాను.

ముందుగా టేపు తీసుకోండి. నెలల పాప జబ్లా చేతి అంచు చుట్టుకొలత సుమారు 16 సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని గుండ్రంగా నిలబెడితే అడ్డం 5 సెంటీమీటర్లు, బల్ల మీద పరిస్తే 8 సెంటీమీటర్లు. మన నల్ల మిషను పలక వెడల్పు 7 అంగుళాలు, అంటే దాదాపు 18 సెంటీమీటర్లు. ఆ పలక బల్లలో దిగి ఉంటుంది కాబట్టి దాని కిందికి ఏ గొట్టమూ దూరదు. బట్ట పలకలాగా పరుచుకున్నంతసేపూ ఆ మిషనుకు ఎదురు లేదు. అదే బట్ట గొట్టమైతే, పై పొర మాత్రమే సూది కిందికి రావాలి, కింది పొర ఎక్కడికైనా తప్పుకోవాలి. తప్పుకోవడానికి అక్కడ చోటు లేదు.

ఈ సంగతి నాకు పద్నాలుగేళ్ళ వయసులోనే తెలిసింది. వన్ టౌన్‌లో ఒక దర్జీ కొట్టులో కాజాలు తీస్తూ, గుండీలు కుడుతూ పని నేర్చుకునే రోజులవి. మాస్టరు భోజనానికి వెళ్ళిన సమయం చూసి, పక్కన పెట్టిన పసిపిల్ల జబ్లా చేతులకు అంచు కుట్టి మెప్పు పొందుదామని కూర్చున్నాను. అప్పటికే అతుకు వేసి గొట్టమైపోయిన చేతిని, సూది పక్కన బట్టను అదిమి పట్టే మిషను పాదం కింద పెట్టి చకచకా తొక్కాను. కుట్టు చక్కగా పడింది, కానీ పై పొరా కింది పొరా కలిసిపోయి చేతి మూతి సంచి మూతిలా మూసుకుపోయింది. రెండో చెయ్యి కూడా అలాగే కుట్టేశానన్న విషయం జబ్లా వాళ్ళ ఇంటికి చేరాక, పసిదాని పిడికిలి బయటికి రాకపోయాక బయటపడింది. ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుని, బ్లేడు మొనతో ఒక్కొక్క కుట్టూ తెంపి, తెగిన దారపు ముక్కలను గోటితో ఏరాను. పల్చటి మల్లు గుడ్డ మీద సూది పడిన బెజ్జాలు ఉతికేదాకా పోవు. మాస్టరు తిట్టలేదు కానీ వారం రోజులపాటు నన్ను మిషను దగ్గరికి రానివ్వలేదు.

దర్జీలు ఈ చిక్కును మూడు రకాలుగా దాటుతూ వచ్చారు. మొదటిది, చేతి ముక్క ఇంకా పలకగా ఉండగానే అంచు మడిచి కుట్టి, తరవాత చేతి కింద అతుకు వేయడం. అమ్మమ్మ చేసింది ఇదే. మడతపెట్టిన అంచులో అప్పటికే మూడు పొరలున్నాయి. రెండు చివరలూ అతుకు దగ్గర కలిసేసరికి ఆరు పొరలై ముద్ద కడుతుంది. రెండోది, గొట్టాన్ని తిరగేసి, పాదాన్ని గొట్టం లోపల ఉంచి, కాస్త కాస్త జరుపుకుంటూ లోపలివైపు నుంచి కుట్టుకు రావడం. మోచేతి కొలత ఉన్న చేతులకు ఇది బాగానే సాగుతుంది కానీ, 16 సెంటీమీటర్ల గొట్టంలో పాదమే సగం చోటు తింటుంది. మూడోది చేతి సూది. మన ఊళ్ళో జాకెట్టు చేతులకు ఇప్పటికీ చేత్తో హెమ్మింగ్ చేసే ఆడవాళ్ళున్నారు. ఆ పనితనానికి సాటివచ్చే మిషను నేను చూడలేదు, అయితే జబ్లా ఖరీదుకు ఆ కూలి గిట్టదు.

మిషను చరిత్రను కూడా ఈ కోణంలోంచే చూడండి. 1846లో అమెరికాలో ఇలియాస్ హోవే పేటెంటు పొందిన మిషనులో బట్టను ఒక లోహపు పట్టీకి ముళ్ళతో గుచ్చి నిలువుగా వేలాడదీసేవారు. పట్టీ ఎంత పొడవో అంతే కుట్టు; అది చివరికి రాగానే మిషను ఆపి, బట్ట ఊడదీసి, పట్టీని వెనక్కి జరిపి మళ్ళీ గుచ్చాలి. వంపు తిరిగే కుట్టుకు అందులో దారే లేదు. 1851లో ఐజాక్ సింగర్ బట్టను అడ్డంగా పలక మీద పరిచి, సూదిని పైనుంచి నిలువుగా దింపి, బట్ట లేవకుండా పాదంతో అదిమి పట్టాడు. 1854లో అలెన్ విల్సన్ పలక కింద పళ్ళు పెట్టాడు: అవి పైకి లేచి, బట్టను ముందుకు నెట్టి, కిందికి దిగి, వెనక్కి వస్తాయి. పళ్ళు కిందికి దిగిన ఆ క్షణంలో బట్ట మీద వాటి పట్టు ఉండదు కాబట్టి, కుట్టేవాళ్ళు దాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. వంపు కుట్టు సులువైంది అక్కడే. ఇవన్నీ గొప్ప మార్పులే. అయితే అన్నీ బట్ట పలకగా ఉంటుందని నమ్మి చేసినవే.

గొట్టం ఎక్కించగలిగే మిషనును నేను మొదట చూసింది దర్జీ కొట్టులో కాదు, చెప్పులు బాగుచేసే ఆయన దగ్గర. సింగర్ 29 రకం మిషను అది. పలక ఉండదు, ముందుకు పొడుచుకొచ్చిన సన్నటి ఇనుప చెయ్యి ఉంటుంది. బూటును దానికి మేజోడు తొడిగినట్టు తొడుగుతారు. కింద పళ్ళు ఉండవు. పాదమే తోలును పట్టి లాగుతుంది, పైగా ఆ పాదాన్ని ఏ దిక్కుకైనా తిప్పవచ్చు. మధ్యాహ్నం పని లేని వేళ ఆయన్ని బతిమాలి, ఒక పాత జబ్లా చేతిని ఆ చేతి మీదికి ఎక్కించాను. జారినట్టు ఎక్కింది. ఇక చిక్కు తీరిపోయిందనుకుని చక్రం తిప్పితే, తోలు సూది మల్లు గుడ్డను చీల్చింది, పైనుంచి లాగే పాదం మెత్తటి గుడ్డను కుచ్చులు కుచ్చులుగా పోగు చేసింది. ఆకారం సరిపోయింది, పట్టు సరిపోలేదు.

ఇళ్ళలో వాడే మిషన్లకు ఇలాంటి చెయ్యి వచ్చిన తొలినాళ్ళ మిషన్లలో 1940లో జెనీవాలో తయారైన ఎల్నా పేరుపడింది. ఇప్పటి ఎలక్ట్రిక్ మిషన్లలో చాలావాటికి ముందున్న పెట్టెను లాగేస్తే కింద బోలు చోటు, పైన సన్నటి చెయ్యి మిగులుతాయి; దాన్నే ఫ్రీ ఆర్మ్ అంటారు. పంట్లాము కాళ్ళకు, చొక్కా చేతులకు అది చాలు. కానీ నేను కొలిచిన ఫ్రీ ఆర్మ్‌ల చుట్టూ టేపు పాతిక సెంటీమీటర్ల పైమాటే చూపింది. జబ్లా చేతికి అదీ లావే. ఇంకా సన్నగా చేయకూడదా అంటే, ఆ చెయ్యి లోపల ఏముందో చూడాలి.

మన మిషను వేసేది రెండు దారాల ముడి కుట్టు. పై దారం సూదితో కిందికి దిగుతుంది, కింది దారం బాబిన్ అనే చిన్న దారపు చుట్టలో ఉంటుంది. సూది కాస్త పైకి లేవగానే దారం చిన్న ఉచ్చులా వదులవుతుంది, బాబిన్‌ను పట్టి ఉంచే షటిల్ కొక్కెం ఆ ఉచ్చును పట్టి బాబిన్ మొత్తం చుట్టూ తిప్పి దాటిస్తుంది. అలా దాటినప్పుడే రెండు దారాలూ మెలిపడతాయి. బాబిన్ ఎంత లావైతే షటిల్ అంతకంటే లావు, షటిల్ ఎంత లావైతే చెయ్యి అంతకంటే లావు. బాబిన్‌ను చిన్నది చేస్తే దారం తొందరగా అయిపోయి, పూటకు పదిసార్లు ఆపి మార్చుకోవలసి వస్తుంది. ముడి కుట్టు ఉన్నంతకాలం చెయ్యి ఒక హద్దును దాటి సన్నబడదు.

అందుకే బనీన్ల పరిశ్రమ కుట్టునే మార్చుకుంది. ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోనియే 1830లోనే గొలుసు కుట్టు మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది, తమ కూడు పోతుందన్న భయంతో దర్జీలు పారిస్‌లో అతని మిషన్లను విరగ్గొట్టారు. ఒంటి దారపు గొలుసు కుట్టుకు పెద్ద లోపం ఉంది: చివర తెగితే సర్రున ఊడిపోతుంది. బియ్యం బస్తా మూతి దారం ఒక కొస పట్టి లాగితే బస్తా మొత్తం విచ్చుకోవడం మీరు చూశారు కదా, అదే సంగతి. కింది నుంచి మరో దారాన్ని లూపర్ అనే వంకర ముల్లుతో అందించి ఆ లోపాన్ని చాలావరకు తగ్గించారు. ఇప్పుడు గమనించండి, లూపర్‌కు బాబిన్ అక్కరలేదు. దాని దారం బయట నిలబెట్టిన పెద్ద కండె నుంచి వస్తుంది. చేతి లోపల ఉండవలసిందల్లా వేలెడు పొడవు లేని ఆ ముల్లు, దాన్ని ఆడించే కడ్డీ, బట్టను జరిపే పళ్ళు. అందువల్ల మిషను చేతిని జబ్లా చెయ్యి ఎక్కేంత సన్నగా చేయగలిగారు. సిలిండర్ బెడ్ మిషన్లని పిలిచేవి ఇవే. మీరు చూసిన బనీను అంచు మీది రెండు వరసలు రెండు సూదులవి, లోపలి వల లూపర్ దారానిది. గొలుసు కుట్టు సాగుతుంది కాబట్టి అల్లిక గుడ్డ సాగినప్పుడు తెగదు. తల దూర్చగానే మెడ దగ్గర పుటుక్కుమనే బాధ ఉండదు.

మిషన్లు బాగుచేసే రోజుల్లో నేను ఇలాంటి చెయ్యి ఒకదాన్ని విప్పాను. తెల్ల బనీన్ల మీద నూనె మరకలు పడుతున్నాయని పిలిచారు. మూత తీసి చూస్తే లోపల అంగుళం చోటులో లూపర్ అటూ ఇటూ ఊగుతోంది, సూది వెనకగా పోయేటప్పుడు రెండింటికీ మధ్య వెంట్రుక పట్టేంత సందు మాత్రమే ఉంది. ఆ సందు పెరిగితే కుట్టు తప్పుతుంది, తగ్గితే సూది విరుగుతుంది. అంత ఇరుకులో కదిలే ఇనుముకు నూనె తప్పదు, ఆ నూనె ఆగడానికి అడ్డుగోడ కట్టే చోటూ ఉండదు. చెయ్యి సన్నబడ్డ కొద్దీ మెకానిక్కు కష్టం లావెక్కుతుందని అక్కడున్న కుర్రాడితో అన్నాను. వాడు నవ్వాడు కానీ మరకల లెక్క మాత్రం నా చేతిలో పెట్టాడు.

ఇక పళ్ళ సంగతి. అల్లిక గుడ్డను మామూలు పళ్ళు నెడుతూ ఉంటే, పైనుంచి పాదం పట్టి ఉంచడం వల్ల అంచు సాగుతుంది. పలక బట్టయితే సాగినది చివరన బయటికి పోతుంది. గొట్టంలో ఆ చివర లేదు. మొదలుపెట్టిన చోటికే తిరిగి రావాలి కాబట్టి, సాగినదంతా అక్కడ ముడతగా కూర్చుంటుంది, లేదా అంచు చుట్టూ అప్పడంలా అలలు తేలుతుంది. దీనికి విరుగుడుగా పళ్ళను ముందు జత, వెనక జత అని విడదీశారు. ముందు పళ్ళు 2 మిల్లీమీటర్లు నెట్టి వెనకవి 1 మిల్లీమీటరే తీసుకుంటే, బట్ట సాగే లోపే సూది దగ్గర కాస్త దగ్గరకు చేరుతుంది. ఆ తేడాను మరతో సరిచేసుకోవచ్చు. నా లెక్కలో, గొట్టపు అంచు పని బాగుపడటానికి సన్నటి చెయ్యి సగం కారణమైతే ఈ జంట పళ్ళు మిగతా సగం. పెద్ద బనీన్ల కింది అంచుకైతే, గొట్టాన్ని తొడిగి బిగువుగా తిప్పే రోలర్లూ, అంచు పక్కకు జరిగితే కనిపెట్టి సరిచేసే కాంతి సెన్సార్లూ కూడా వచ్చాయి. జబ్లా చేతిలో రోలరు పట్టదు, అక్కడ ఇప్పటికీ కుట్టేవాళ్ళ వేళ్ళే రోలర్లు.

ఓవర్‌లాక్ మిషను గురించి ఒక్క మాట. అమెరికాలోని కనెక్టికట్‌లో అల్లిక మిల్లు నడిపిన మెర్రో కుటుంబం, అల్లిక గుడ్డల అంచులు ఊడిపోకుండా చుట్టి కుట్టే మిషనుకు 1889లో పేటెంటు తీసుకుంది. అది అంచును కాపాడుతుంది కానీ మడవదు, కాబట్టి మీ ప్రశ్నకు అది పక్కింటి చుట్టం.

నేను కూడా ఒకసారి ఈ పనిలో వేలు పెట్టాను. డాల్డా డబ్బా రేకును కత్తిరించి, నత్తగుల్లలా చుట్టి, అంచు దానంతటదే రెండు మడతలు పడేలా పాదం ముందు మరతో బిగించాను. పరికిణీ అంచులకు అది బ్రహ్మాండంగా పనిచేసింది. గొట్టానికి పెడితే మొదటి అంగుళం మడతలోకి పోనే పోదు, ఆఖరి అంగుళం కుట్టు మీదికి ఎక్కి రేకులో ఇరుక్కుంటుంది. పక్కనుంచి తెరుచుకునే రేకు చేసి ఉంటే బాగుండేదని తరవాత తోచింది, కానీ ఆ డబ్బా అప్పటికే అమ్మమ్మ పోపుల పెట్టె పక్కకు చేరింది.

మన మిషను మీదే మీరు ప్రయత్నించాలనుకుంటే ఇలా చేయండి. చేతి కింది అతుకు ముందు వేసి, దాన్ని రెండు పక్కలకూ విప్పి ఇస్త్రీ చేయండి. అంచు మడిచి పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయండి. గొట్టాన్ని తిరగేసి పాదం లోపలికి పెట్టండి. అల్లిక గుడ్డయితే మొన గుండ్రంగా ఉండే 11 నంబరు సూది వాడండి. దాని మీద 75 అని కూడా ఉంటుంది, అంటే సూది లావు 0.75 మిల్లీమీటర్లు. పాదం ఒత్తిడి మర ఒకటి రెండు చుట్లు వదులు చేయండి. నాలుగు కుట్లకు ఒకసారి సూదిని బట్టలో దించి ఉంచి, పాదం ఎత్తి, గొట్టాన్ని కాస్త తిప్పుకోండి. చివర కలిసే చోట సెంటీమీటరు మేర కుట్టు మీద కుట్టు పడనివ్వండి.

ఈ ఉత్తరం మొదలుపెట్టిన రోజున అమ్మమ్మకు చదివి వినిపిస్తే, ఆవిడ ఏమీ అనకుండా ఆ జబ్లా చేతులు విప్పి ఇదే పద్ధతిలో మళ్ళీ కుట్టింది. ముద్ద పోయింది. నిన్న పిన్ని వచ్చి తొడగబోతే పాపకు అది బిగుతైపోయింది. కొత్తదానికి చేతి కొలత 20 సెంటీమీటర్లు తీసి ఇచ్చింది.

ఇట్లు,
మీ తాతయ్య