చిన్నప్పటి నుంచి కలిసి పెరిగితే సిక్లిడ్లు కొట్టుకోవా?

ఆస్కార్, ఏంజెల్, కన్విక్ట్, డిస్కస్ లాంటి ఆక్వేరియం చేపలన్నీ సిక్లిడ్ కుటుంబానివే. ఆక్వేరియం పనిలో ఉన్నవాణ్ని కాబట్టి వీటి గురించి ఈ ఫోన్ వస్తూనే ఉంటుంది. "అన్నా, ఇన్నాళ్లూ బుద్ధిగానే ఉన్నాయి, ఇప్పుడు ఒకదాన్ని పట్టుకుని చంపేస్తున్నాయి, నీళ్లేమైనా పాడయ్యాయా?" నీళ్లకేం కాలేదు, చేపలు పెద్దవయ్యాయి.

అపోహ: పిల్లలప్పుడే కలిపి వేస్తే అలవాటుపడి కొట్టుకోవు.

జనానికి డబ్బులూ చేపలూ ఎక్కువగా పోయేది ఈ మాట నమ్మే. షాపులో రెండంగుళాల ఆస్కార్లు, ఏంజెల్స్, కన్విక్ట్‌లు ఒకే ట్యాంక్‌లో తిరుగుతుంటే చూసి, తలా రెండు పట్టించుకుని వచ్చేస్తారు. ఆ వయసులో వాటికి జాగా గొడవ ఉండదు. జత కట్టే వయసొచ్చాక మాత్రం ఈ రాయి నాది, ఈ మూల నాది అని మొదలవుతుంది, అప్పుడు తోడబుట్టినదైనా లెక్కచేయవు.

ఒకరింట్లో మూడడుగుల ట్యాంక్‌లో ఆరు ఏంజెల్స్. రెండు చేపలు ఫిల్టర్ పైపుని నోటితో గీకి గీకి శుభ్రం చేస్తున్నాయి, కడుపు కింద సన్నటి గొట్టం బయటికొచ్చి ఉంది. అంటే గుడ్లు పెట్టబోతున్నాయి. మిగతా నాలుగూ హీటర్ వెనక ఇరుక్కున్నాయి, తోకల అంచులు పీలికలు. ఆ ఇంటావిడ ఏదో జబ్బనుకుని, ఎవరో చెప్పారని నీలం మందు పోస్తూ కూర్చున్నారు పాపం, అద్దాల మధ్య సిలికాన్ కూడా నీలంగా మారిపోయింది. ఆ జతని వేరే ట్యాంక్‌లోకి మార్చాం, గొడవ ఆగింది.

కాబట్టి కొనేటప్పుడు పెద్దయ్యాక ఎంతవుతుందో అడగండి. ఆస్కార్ అడుగు దాకా పెరుగుతుంది, నోట్లో పట్టేదేదైనా దానికి మేతే. ఎదిగిన ఏంజెల్‌కి నియాన్ టెట్రాలనే చిట్టి చేపలూ అంతే. ఆస్కార్‌కి తోడు కావాలంటే సిల్వర్ డాలర్లనే చేపల్ని వేయండి, అదీ ఐదారడుగుల ట్యాంక్ ఉంటేనే.

"అన్నీ సిక్లిడ్లే కదా, కలిపేద్దాం" అంటారు ఇంకొందరు. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్లకి హార్డ్ వాటర్, అంటే లవణాలు ఎక్కువున్న నీళ్లు కావాలి, పీహెచ్ 7.8 నుంచి 8.6 మధ్య. అమెజాన్ నుంచి వచ్చిన డిస్కస్‌కి లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్లు, 28 నుంచి 30 డిగ్రీల వేడి. రెండింటికీ ఒకే ట్యాంక్ అంటే ఎలా కుదురుతుంది?

తక్కువ చేపలుంటే తక్కువ కొట్లాట అన్నది మలావీ సరస్సులో రాళ్ల మధ్య బతికే చేపల విషయంలో తలకిందులు. రెండు మూడే ఉంటే బలమైనది మిగతావాటిని వేటాడుతుంది. మగ ఒకటికి ఆడవి మూడైనా పెట్టి, నిండుగా ఉంచి, ఫిల్టర్ పెద్దది వేసి, వారం వారం నీళ్లు మారిస్తే దెబ్బలు అందరికీ పంచుకుపోతాయి. ఇది ఆస్కార్లకి వర్తించదు, మళ్లీ అలా చేసి నన్ను తిట్టొద్దు.

ఫ్లవర్ హార్న్ 1990ల్లో మలేసియాలో సంకరం చేసి పుట్టించిన చేప, దాన్ని ఒంటరిగానే ఉంచండి. వాస్తు కోసం జోడీ ఉండాలనే వాళ్లకి నా దగ్గర జవాబు లేదు.

కడుపు నిండా మేత వేస్తే కొట్టుకోవన్నదీ వట్టిమాటే, పైగా నీళ్లు చెడతాయి.

ఒకటి ఇంకోదాన్ని కాస్త తరిమి మళ్లీ మేతకి వచ్చేస్తే టెన్షన్ అక్కర్లేదు, ప్రతి తరుముడుకీ వీడియో తీసి పంపక్కర్లేదు. పైమూలకి చేరి, రెక్కలు ముడుచుకుని, మేత వేసినా కిందికి రాని చేపుంటే మాత్రం రేపు చూద్దామనుకోవద్దు. ఆ ట్యాంక్ నీళ్లే బకెట్‌లో పోసి, గాలి గొట్టం పెట్టి ఆ రాత్రికే వేరు చేయండి.