ముందు డీఎన్ఏజ్, తర్వాతే ప్రోటీనేజ్

చిరంజీవులు పిల్లలందరికీ ఆశీస్సులు.

బాక్టీరియాకు సోకే వైరస్‌లను ఫేజ్‌లంటారని చదివే ఉంటారు. వాటి జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) చదవడమంటే అంతా మెషిన్ పనే అనుకుంటారు. కానీ ఫలితం మంచిదో చెడ్డదో చాలావరకు అంతకుముందు ట్యూబులోనే తేలిపోతుంది.

లామ్డా ఫేజ్‌నే తీసుకోండి. దాని డీఎన్ఏ 48,502 బేస్ (డీఎన్ఏ అక్షరాల) జతలు. అది పెరిగే ఈ.కోలై బాక్టీరియాది సుమారు 46 లక్షలు. అంటే పగిలిన ఒక్క బాక్టీరియా డీఎన్ఏ దాదాపు 95 ఫేజ్‌ల డీఎన్ఏతో సమానం! అదలాగే ఉండిపోతే డబ్బంతా బాక్టీరియాను చదవడానికే పోతుంది.

మన అదృష్టం, ఫేజ్ డీఎన్ఏ ప్రోటీన్ డొల్లలో దాక్కుని ఉంటుంది. బాక్టీరియాది బయట తేలుతుంటుంది. అందుకే లైసేట్‌ను (ఫేజ్‌లు బాక్టీరియాను పగలగొట్టాక మిగిలే ద్రవాన్ని) సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడగట్టి, డీఎన్ఏను కోసే డీఎన్ఏజ్, ఆర్ఎన్ఏను కోసే ఆర్ఎన్ఏజ్ ఎంజైములు వేసి 37 డిగ్రీల దగ్గర అరగంటో గంటో ఉంచుతారు. బయటున్నదంతా ముక్కలైపోతుంది. తర్వాత ఈడీటీఏ అనే రసాయనం వేయాలి. ఇదే చాలామంది మరిచిపోయే మెట్టు. డీఎన్ఏజ్‌కు మెగ్నీషియం, కాల్షియం కావాలి. ఈడీటీఏ వాటిని పట్టేస్తుంది. ఇది వేయకుండా డొల్ల తెరిచారో, మిగిలిన డీఎన్ఏజ్ మీ ఫేజ్ డీఎన్ఏనే తినేస్తుంది. ఆ తర్వాతే డొల్ల తెరవడానికి ప్రోటీన్‌ను కోసే ప్రోటీనేజ్ కె ఎంజైము, ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ వేసి 56 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, డీఎన్ఏను పట్టి ఉంచే కాలమ్‌తో శుద్ధి చేస్తారు. ఇదంతా డీఎన్ఏ ఫేజ్‌ల సంగతి. ఎంఎస్2 లాంటి ఆర్ఎన్ఏ ఫేజ్‌ల దారి వేరు.

రీడ్లు, అంటే మెషిన్ చదివిన డీఎన్ఏ ముక్కలు, ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదనుకోకండి. లామ్డాను వందసార్లు కవర్ చేయడానికి 150 బేస్‌ల రీడ్లు 32 వేల పైచిలుకు చాలు. లక్షలు పోస్తే చిన్న తప్పులు కూడా పదేపదే కనబడి నిజమైన తేడాల్లా తోస్తాయి, రీడ్లను కలిపి కట్టే జీనోమ్ (అసెంబ్లీ) ముక్కలవుతుంది. కొన్నిటిని యాదృచ్ఛికంగా ఏరి వాడండి.

చివరలు ఇంకో చిక్కు. లామ్డా డీఎన్ఏ రెండు కొసల్లో 12 బేస్‌ల ఒంటి పోగులుంటాయి, ఒకదానికొకటి అతుక్కునేలా. రీడ్లను కలిపే అసెంబ్లర్ ప్రోగ్రామ్ మాత్రం దాన్ని వలయంగా చూసి ఎక్కడో ఒకచోట కోస్తుంది. అసలు కొస దగ్గర రీడ్లు ఒకేచోట గుంపుగా మొదలవుతాయి, అది చూసి సరిదిద్దాలి. టీ4 అనే ఫేజ్‌లో ఆ గుంపు వెతకడం దండగ. అది తల (డొల్ల) నిండేదాకా డీఎన్ఏ కూరుకుంటుంది గనుక ఒక్కో కణంలో మొదలు ఒక్కోచోట ఉంటుంది.

మరొకటి. ఫలితాల్లో 5,386 బేస్‌ల ముక్క కనబడితే కొత్త ఫేజ్ దొరికిందని గంతులేయకండి. 1977లో సాంగర్ బృందం చదివిన ఫైఎక్స్174 ఫేజ్ అది. ఇల్యూమినా అనే డీఎన్ఏ చదివే మెషిన్‌లో కంట్రోల్‌గా (పని సరిగా సాగుతోందో చూసే నమూనాగా) కలుపుతారు. దాన్ని తీసేసి మిగతావి చూడండి.

ఇట్లు,
మీ తాతయ్య