తిరుపతి నుంచి ఊటీకి గుంపుగా బైకుల మీద: అపోహలు - వాస్తవాలు

జూన్, జూలై నెలల్లో తిరుపతిలో పొద్దున్నే బయల్దేరితే చిత్తూరు దాకా ఉక్కపోత, మొగిలి ఘాట్ ఎక్కేసరికి మబ్బు, పలమనేరులో చల్లగాలి, గూడలూరు దాటాక ముసురు. తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, ఊటీ 2,240. వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీల లెక్కన పైన వేడి పన్నెండు, పద్నాలుగు డిగ్రీలు పడిపోతుంది. గుంపు యాత్ర చెడేది ఎక్కువగా వాతావరణం మారే మలుపుల దగ్గరే. అక్కడ ఎవరూ ఆగరు కాబట్టి.

అపోహ: వాన మొదలయ్యాక చూసుకుందాం, రెయిన్‌కోటు పెట్టెలోనే ఉంది కదా.

ఎనిమిది బండ్లు ఆగి అందరూ తొడుక్కునేసరికి పది నిమిషాలు. ఈలోపు లోపలి చొక్కా తడుస్తుంది. తడిసిన చొక్కా మీద వేసిన రెయిన్‌కోటు ఆ తడిని లోపలే పట్టి ఉంచుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలికి ఒళ్లు చల్లబడి వేళ్లు బిగుసుకుంటాయి, బ్రేక్ లివర్ మీద అదుపు తప్పుతుంది. అందుకే మబ్బు పట్టి ఉంటే ఘాట్‌కు ముందే, బంగారుపాళెంలో టీ తాగేటప్పుడే తొడుక్కోవాలి. పది కిలోమీటర్లు చెమట పడితే పట్టనీయండి. చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉన్న రకమే కొనండి. తలమీంచి వేసుకునే దుప్పటి లాంటిది గాలికి ఎగిరి చైన్లో చిక్కుకుంటుంది. ప్యాంటు అంచు బూటు పైనుంచి బయటికి ఉండాలి. లోపలికి దోపితే నీళ్లన్నీ బూట్లోకే దారి తీస్తాయి.

అపోహ: జోరువానే ప్రమాదం, తుంపరకు ఏం కాదు.

తిరగేసి చదువుకోండి. ఎండలకు రోడ్డు మీద పేరుకున్న ఆయిల్, దుమ్ము, టైర్ల రబ్బరు పొడి మొదటి చినుకులకు జిగురులా మారతాయి. జోరువాన కాసేపు కొడితే అవి కొట్టుకుపోతాయి. చిత్తూరు జిల్లాలో దీనికి తోడు మామిడి ఒకటి. కాయల కాలంలో మార్కెట్ యార్డుల దగ్గర, గుజ్జు ఫ్యాక్టరీల దారుల్లో ట్రాక్టర్ల నుంచి జారిన తోతాపురి కాయలు చక్రాల కింద నలిగి రోడ్డుకు పూత పూసినట్టు ఉంటాయి. తుంపర పడితే అది అచ్చంగా సబ్బే. అక్కడ బండిని వంచకండి, ముందు బ్రేక్ గట్టిగా పట్టకండి. తెల్ల గీతలు, జీబ్రా పట్టీలు, ఇనుప మూతలు తడిసినా ఇదే జాగ్రత్త.

అపోహ: వానలో టైర్లో గాలి కొంచెం తగ్గిస్తే పట్టు పెరుగుతుంది.

పెరగదు సరికదా, ఇంకా తగ్గుతుంది. గాలి తక్కువైతే టైరు గాడులు మూసుకుపోయి నీళ్లు బయటికి పోవు, టైరు నీటిమీద తేలుతుంది. బండి మీదున్న స్టిక్కర్ ఎంత చెబితే అంతే కొట్టించండి. వెనకాల మనిషి, సామాను ఉంటే రెండో అంకె. గాలి చూసేది పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే. మధ్యాహ్నం టైరు వేడికి గాలి ఒత్తిడి మూడు నాలుగు పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ఎక్కువ చూపిందని తీసేస్తే, టైరు చల్లారాక గాలి తక్కువైపోతుంది.

అపోహ: బాగా తోలేవాడు ముందు, నిదానస్తుడు చివర.

గుంపుల్ని చెడగొట్టేది ఇదే. రబ్బరు సాగినట్టు ముందువాడు 70లో పోతే, చివరివాడు అందుకోవడానికి 90 కొట్టాల్సి వస్తుంది. తడి రోడ్డులో అలా పరుగెత్తేది అందరికంటే అనుభవం తక్కువున్నవాడు. వాణ్ని ముందు బండి వెనకే, రెండో స్థానంలో పెట్టండి. దారి తెలిసిన ఒకరు ముందు, పంక్చర్ కిట్, గాలి పంపుతో అనుభవజ్ఞుడు చివర. పెట్రోలుకు ఆగేది అందరికంటే చిన్న ట్యాంకును బట్టి. మిగతా అందరూ అద్దంలో వెనక బండి హెడ్‌లైటు కనబడుతోందా అని చూసుకుంటే చాలు. అది మాయమైతే నిదానించాలి.

దూరం లెక్క సులువు. ముందు బండి కిలోమీటరు రాయి దాటగానే మనసులో నిదానంగా "గోవిందా గోవింద" అనుకోండి. అది పూర్తికాకముందే మీరు రాయి దగ్గరికొస్తే మరీ దగ్గరగా ఉన్నట్టు. ఆ రెండు సెకన్లలో 60 వేగంలో బండి 33 మీటర్లు పోతుంది. వానలో రెండుసార్లు అనుకోవాలి. ఘాట్లో ఒకరి వెనక ఒకరు, పక్కపక్కన వద్దు.

అపోహ: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే పెట్రోలు మిగులుతుంది.

2020 తర్వాత వచ్చిన బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే, అంటే పెట్రోలును కొలిచి పిచికారీ చేసే రకం. గేర్లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇవి పెట్రోలే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి తాగుతూనే ఉంటాయి. పైగా బరువంతా బ్రేకుల మీద పడి లైనర్లు కాలి వాసన వస్తాయి, డిస్క్ బండికి బ్రేక్ ఆయిల్ మరిగి లివర్ మెత్తబడుతుంది. ఎక్కిన గేర్లోనే దిగడం పాత లారీ డ్రైవర్ల సూత్రం, బండికీ సరిపోతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లు దాటితే మార్చి బయల్దేరండి.

అపోహ: వానలో నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోవాలి.

వేస్తే మలుపు తిరుగుతున్నారో లేదో వెనకవాడికి తెలియదు. హెడ్‌లైటు చాలు.

అపోహ: ట్యాంకు మూతకు తాళం ఉంది, లోపలికి నీళ్లెలా పోతాయి?

మూత చుట్టూ గిన్నెలాంటి గుంతలో చిన్న రంధ్రం ఉంటుంది. వాన నీళ్లు దాని గుండా కిందికి కారిపోవాలి. దుమ్ముతో అది పూడితే గుంత నిండి, మూత తెరిచిన క్షణంలో నీళ్లు ట్యాంకులోకే జారతాయి. ఇప్పటి ఇథనాల్ పెట్రోల్లో నీళ్లు ఎక్కువైతే ఇథనాల్ వాటితో కలిసి అడుక్కు చేరుతుంది, బండి మొదట పీల్చేది ఆ అడుగునే. బయల్దేరే ముందు సన్నటి తీగతో రంధ్రం పొడిచి, ఒక చెంచా నీళ్లు పోసి కింద కారుతున్నాయో లేదో చూడండి. బంకులో మూత తీసేముందు గుడ్డతో తుడవండి.

అపోహ: బెంగళూరు దాటితే ఎక్స్‌ప్రెస్‌వేలో రెండు గంటల్లో మైసూరు.

2023 ఆగస్టు 1 నుంచి బెంగళూరు-మైసూరు ప్రధాన మార్గంలోకి ద్విచక్ర వాహనాలను రానివ్వడం లేదు, సర్వీస్ రోడ్డే గతి. మూడున్నర, నాలుగు గంటలు వేసుకోండి. ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకు ఈ-పాస్ (ఆన్‌లైన్ అనుమతి) బండికొకటి ముందే తీసుకోవాలి. బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూత. గుండ్లుపేట చేరేసరికి సాయంత్రం ఆరు దాటితే ఆ రాత్రికి అక్కడే గది చూసుకోండి. తడిసిన చైన్‌కు నూనె వేయడానికి కూడా అదే సమయం, ఇంకా వేడిగా ఉండగానే.